ఉప్పు మైదానముపై సైకిలు యాత్ర

మన యిండ్లలో ఆడుపిల్ల సైకిలుమీద దూరము పోయి వత్తునని అడిగినచో పెద్దలు మొదట వేయు ప్రశ్న, "నీ బలమెంత?" అనునదే. దూరప్రయాణమునకు కండబలమే ముఖ్యమని మనలో నాటుకొని పోయిన తలంపు. ఇది యెంతవఱకు నిజమో తెలిసికొనుటకు, భూమిమీద నన్నిటికంటె చదునైన నేలను, అక్కడ సైకిళ్లమీద పోవువారి సంగతులను మా పాఠకసోదరీమణులకు తెలుపదలచితిమి.

దక్షిణ అమెరికా ఖండమున, బొలీవియా దేశపు నైరృతి భాగమున, ఆండీసు పర్వతపంక్తుల నడుమ నొక పీఠభూమి కలదు. దానిమీద, సముద్రమట్టమునకు సుమారు 3,650 మీటర్ల యెత్తున, ఒక ఉప్పు మైదానము పఱచుకొని యున్నది. దానిని సలార్ దె ఉయుని యందురు. సలార్ అనగా స్పానిషు భాషలో ఉప్పునేల. ఉయుని సమీపమున నున్న పట్టణము పేరు. ప్రపంచమునందలి ఉప్పు మైదానములలో ఇదియే పెద్దది. వైశాల్యము 10,000 చదరపు కిలోమీటర్లకు పైగా నుండును. వెనుకటి ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా ఎంతయో ఇదియు ఇంచుమించు అంత. ఎత్తు తెలియుటకు మన తిరుమల కొండను తలచుకొనుడు. అట్టి కొండలను మూడింటిని ఒకదానిమీద నొకటి నిలిపినను ఈ మైదానమును అందుకొనజాలవు.

ఏటేట పెక్కు దేశముల స్త్రీపురుషులు సైకిళ్లకు సామాను కట్టుకొని వచ్చి, రెండు మూడు దినములలో దీనిని దాటుచున్నారు. రాత్రులు ఉప్పుమీదనే గుడారము వేసికొని పరుండుచున్నారు. జంటలుగా వచ్చు స్త్రీలు కలరు. ఒంటరిగా వచ్చు స్త్రీలును కలరు.

ఈ నేల పుట్టుక

వేల యేండ్లకు పూర్వము ఈ పీఠభూమిమీద పెద్ద సరస్సులు ఉండెడివి. వానిలో నొకదానికి శాస్త్రజ్ఞులు తౌకా యని పేరు పెట్టిరి. సుమారు 16,000 ఏండ్ల క్రిందట అది నిండుగా నుండెను. చుట్టును కొండలగుటచే నీరు సముద్రమునకు పోవు దారి లేదు. కొండలనుండి దిగిన నీరు తనతో లవణములను తెచ్చెను. ఎండకును గాలికిని నీరు ఆవిరియై పోగా లవణము మిగిలెను. ఉప్పునీటి గిన్నెను పొయ్యిమీద మఱచినచో అడుగున తెల్లని పొర కట్టుట మనమెఱిగినదే. ఇదియు నట్టిదే, గిన్నె మాత్రము పెద్దది. పైపొర కొన్నిచోట్ల జానెడు, కొన్నిచోట్ల పలు మీటర్ల మందము. దాని క్రింద చిక్కని ఉప్పునీరును బురదయు నుండును.

ఇంత చదును ఎట్లు వచ్చినది? డిసెంబరు మొదలు మార్చి వఱకు అచట వానకాలము. అప్పుడు మైదానముమీద నీరు పలుచగా నిలుచును. ఆకాశమంతయు అందు ప్రతిఫలించి, అద్దముమీద నడచుచున్నట్లు తోచును. ఆ నీటిలో మిట్టలనున్న ఉప్పు కరగి పల్లములకు చేరును. నీరు ఆఱిన పిదప క్రొత్త పొర కట్టును. ఏటేట ఎవరో నేలను అలికిపోవునట్లు ఇది జరుగుచుండును. అందుచేత ఇంత వైశాల్యమున హెచ్చుతగ్గులు ఒక మీటరునకు లోపలనే యున్నవని 2002లో శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. భూమి యెత్తులను ఆకాశమునుండి కొలుచుటకు 2003లో పంపిన ఐస్‌శాట్ అను ఉపగ్రహపు కొలతలను ఈ నేలతోనే సరిచూచిరి. తూనికరాళ్లు సరిగా నున్నవో లేవో చూచుటకు మేలిరాయి యొకటి కావలయును గదా. ఉపగ్రహములకు ఈ నేల మేలిరాయి యయ్యెను.

ఎండకాలమున నేలపై ఎటు చూచినను ఆఱు మూలల గళ్లు ముగ్గువలె కనబడును. ఒక్కొక గడి మీటరు రెండు మీటర్ల వెడల్పు. అంచులు కొంచెము ఉబ్బి యుండును. దీని కారణమును 2023లో ప్రకటింపబడిన యొక పరిశోధన వివరించినది. పైనున్న నీరు ఆవిరియగుకొలది, నేల పైభాగమునందలి ఉప్పునీరు చిక్కనై బరువెక్కి క్రిందికి దిగును. క్రిందనున్న పలుచని నీరు పైకి వచ్చును. బరువైన నీరు దిగుచోట ఉప్పు హెచ్చుగా చేరి అంచు కట్టును. సైకిలు ఈ అంచులను దాటునపుడెల్ల చక్రము టకటకమని కదలును. కనుక అంత చదునైన నేలమీదను ఒడలు అలసిపోవును.

అచటి ఐమరా ప్రజలు ఈ నేల పుట్టుకను వేఱొక విధముగ చెప్పుకొందురు. మైదానమునకు ఉత్తరమున తునుపా యను అగ్నిపర్వతమున్నది. ఎత్తు 5,300 మీటర్లకు పైబడినది. పూర్వము కొండలన్నియు మనుష్యులవలె నుండెడివట. తునుపా యొక స్త్రీ. ఆమె భర్త కుస్కు ఆమెను విడిచి కుసీనా యను వేఱొకతెతో వెడలిపోయెనట. చంటిబిడ్డకు పాలిచ్చుచు తునుపా యేడ్చెననియు, ఆమె కన్నీరును చనుబాలును కలిసి పాఱి ఈ తెల్లని మైదానమయ్యెననియు కథ. శాస్త్రజ్ఞుల మాటకును దీనికిని పొత్తు లేకున్నను, ఉప్పును తెలుపును రెండింటిని ఒక్క స్త్రీ దుఃఖమునందు చూచిన ఆ ప్రజల మనస్సును మెచ్చుకొనక తప్పదు.

నీటి లెక్క

యాత్రికులు సాధారణముగ తూర్పుటంచున నున్న కొల్చానీ గ్రామమునుండి బయలుదేఱి, పడమటికి సుమారు 75 కిలోమీటర్ల దూరమున, ఉప్పునడుమ నున్న ఇంకాహువాసి యను దీవికి పోవుదురు. అచటినుండి ఉత్తరమునకు తిరిగి, మఱి సుమారు 40 కిలోమీటర్లు పోయి, తునుపా పాదముననున్న గ్రామములను చేరుదురు. ఈ దారిలో త్రాగునీటి కాలువ గాని, బావి గాని, చెట్టునీడ గాని లేదు. కాలిక్రింద నీరున్నది గాని అది నోట పెట్టరానిది.

కావున మొదటి పని నీటిని కొలుచుట. త్రాగుటకును వంటకును కలిపి మనిషికి దినమునకు నాలుగైదు లీటర్లు కావలయును. మూడు దినముల ప్రయాణమునకు పండ్రెండు మొదలు పదునైదు లీటర్లు. గాలి యెదురై ఆలస్యమైనచో నిలువయుండుటకు మఱికొంత. లీటరు నీరు కిలో బరువు. ఈ బరువంతయు సైకిలే మోయవలెను. హెచ్చుగా తీసికొన్నచో సైకిలు కదలదు. తక్కువగా తీసికొన్నచో ప్రాణమునకే ముప్పు. పండుగనాటికి ఎందఱు చుట్టములు వత్తురో ఊహించి, బియ్యము కొలిచి, రెండు గుప్పిళ్లు అదనముగ పోయు గృహిణికి ఈ లెక్క క్రొత్త కాదు.

రెండవది కాలమును కొలుచుట. మే మొదలు నవంబరు వఱకు నేల పొడిగా నుండును. అందును తెల్లవారుజామున గాలి నెమ్మదిగా నుండి, మధ్యాహ్నము దాటిన పిదప పడమటినుండి బలముగా వీచును. పడమటికి పోవువారికి అది యెదురుగాలి. అందుచేత ఎఱిగినవారు ప్రొద్దుననే బయలుదేఱి, గాలి లేచులోపల దినపు దూరములో హెచ్చుభాగము ముగింతురు.

మూడవది దూరమును కొలుచుట. కన్ను ఇచట మోసపోవును. దూరపు దీవులు ఎండమావిలో నేలకు పైని తేలుచున్నట్లుండును. ఒక గంటలో చేరుదుమనుకొన్న దీవి నాలుగు గంటలు త్రొక్కినను అట్లే కనబడును. తునుపా శిఖరమును గుఱుతుగా పెట్టుకొని, దిక్సూచిని, నడచిన గంటలను నమ్మి పోవలయును. సెల్‌ఫోను దారి చూపును గాని, చలికి దాని బ్యాటరీ త్వరగా నీరసించును. మైదానపు టంచులలో ఉప్పుపొర పలుచనై, క్రింది నీరు బుడగలుగా పైకి వచ్చు రంధ్రములుండును. వానిని అచటివారు "ఉప్పుకన్నులు" అందురు. వాని దగ్గఱకు పోరాదు. లోనికి ప్రవేశించుటకును, వెలికి వచ్చుటకును కట్టిన గట్టుబాటలనే వాడవలెను.

ఎత్తు, ఎండ, చలి

అంత యెత్తున గాలి పీడనము సముద్రతీరమున నున్నదానిలో మూడింట రెండు వంతులకు మించదు. ఒక్కొక ఊపిరికి అందు ప్రాణవాయువును ఆ మేరకే తగ్గును. క్రొత్తగా వచ్చినవారికి తలనొప్పి, వికారము, నిద్రలేమి కలుగవచ్చును. ఎంత బలవంతులైనను దీనికి లోబడక తప్పదు. వ్యాయామము చేసిన దేహమని ఆ జబ్బు జాలిపడదు. దానికి మందు తొందరపడకుండుటయే. ఉయుని పట్టణమును ఇంచుమించు ఆ యెత్తుననే యున్నది గనుక అచట రెండు మూడు దినములు విశ్రమించి, ఒడలు అలవాటుపడిన పిదపనే బయలుదేఱవలెను. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు గలవారును, గర్భవతులును వైద్యుని యడుగక పోరాదు.

ఎండ పైనుండియే కాక క్రిందినుండియు కొట్టును. తెల్లని ఉప్పు ఎండను త్రిప్పికొట్టుటచే గడ్డము క్రింద, ముక్కు క్రింద, చెవుల వెనుక చర్మము కమిలిపోవును. టోపీ ఒక్కటి చాలదు. మెడకును ముఖమునకును వస్త్రము చుట్టుకొని, ఎండకు రాయు లేపనమును క్రిందివైపునను పూసికొని, ప్రక్కలు మూసిన నల్లని చలువ అద్దములు ధరింపవలెను. అవి లేనిచో కన్నులు ఎఱ్ఱబడి, కొన్ని గంటలు చూపే నిలువకుండ బాధించును.

ప్రొద్దు క్రుంకగానే చలి దిగును. జూన్, జూలై నెలల రాత్రులలో ఉష్ణము సున్నకు క్రింద 10 డిగ్రీలకును, ఒక్కొకప్పుడు అంతకంటెను దిగువకు పోవును. సీసాలలోని నీరు గడ్డకట్టును. మంచు పైనుండి మొదలగును గనుక అనుభవము గలవారు సీసాలను తలక్రిందులుగ నిలుపుదురు; ఉదయమున మూతివైపు నీరు గడ్డకట్టక వంపుకొనుటకు వీలగును. ఒక సీసాను నిద్రసంచిలో తమతో కూడ పెట్టుకొందురు.

గుడారము వేయుట మఱియొక పని. ఉప్పు రాతివలె గట్టిగా నుండుటచే మామూలు మేకులు వంగిపోవును; లావైన ఇనుపమేకులు రెండు మూడు తీసికొనిపోయి రాతితో కొట్టవలెను. తలుపు గాలికి ఎదురుగా నుండరాదు. మోటారుబండ్ల చక్రపుజాడలు నల్లగా కనబడును. వానికి దూరముగ గుడారము వేయవలెను. ఎల్లలు లేని నేలగనుక చీకటిలో బండి యెటనుండియైనను రావచ్చును. ఇన్ని జాగ్రత్తలు తీసికొన్న పిదప తల బయటికి పెట్టి చూచినచో, ఆకాశమున పాలవెల్లి ఒక అంచునుండి మఱియొక అంచు వఱకు అడ్డులేక కనబడును. మనము పాలవెల్లిలో తెల్లదనమును చూతుము. ఆండీసు ప్రజలు దాని నడుమనున్న నల్లని మచ్చలలో ఒంటెజాతిదైన లామా యను జంతువు రూపమును చూతురు.

వంట

ఇచట నీరు 88 డిగ్రీలకే తెర్లును. కళపెళలాడుచున్నను వేడి చాలదు. పప్పు గంటలకొలది పొయ్యిమీద నున్నను మెత్తబడదు. అన్నము పలుకుగా నుండును. ఉప్పుమీద కట్టెపుల్ల దొరకదు గనుక పొయ్యికి కావలసిన స్పిరిటు గాని పెట్రోలు గాని వెంటనే పోవలెను. దానిని పప్పునకు వ్యర్థము చేయుట తెలివి కాదు. చిన్న ప్రెషరు కుక్కరు తీసికొనిపోవువారు కలరు. లేనివారు అటుకులు, సేమియా, ఓట్లు మొదలగు త్వరగా నానునవి, ఉడుకునవి తీసికొందురు.

అన్నిటికంటె తగినది ఆ దేశపు ధాన్యమే. మన నగరముల అంగళ్లలో నేడు కినోవా యని అమ్మునది ఈ మైదానపు చుట్టుపట్ల వేల యేండ్లుగా పండుచున్నది. తునుపా ప్రాంతమున పండు పెద్దగింజ రకమును "రాజ కినోవా" యందురు. గింజపై చేదుపొర యుండును. దానిని పోగొట్టుటకు అచటి స్త్రీలు పూర్వము గింజలను వేయించి, రాతితొట్టిలో పోసి, కాళ్లతో త్రొక్కి, చెఱిగి, కడుగుచుండిరి. చలికిని, ఉప్పుగాలికిని, నీటికొఱతకును తట్టుకొని పండు ఈ ధాన్యపు గౌరవార్థము ఐక్యరాజ్యసమితి 2013ను అంతర్జాతీయ కినోవా సంవత్సరముగ ప్రకటించెను.

సైకిలు సంరక్షణమును వంటింటి పనివంటిదే. ఉప్పు ఇనుమును తినివేయును. ప్రయాణమునకు ముందు చైనునకు నూనె పెట్టి, ముగిసిన వెంటనే బండినంతటిని మంచినీటితో కడిగి, తుడిచి, మరల నూనె పెట్టవలెను. ఉప్పుజాడీకి ఇనుపగరిటె వాడని వారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ నేల శూన్యము కాదు

దూరమునుండి చూచువారు దీనిని శూన్యప్రదేశమందురు. కాని కొల్చానీ గ్రామపు కుటుంబములకు ఇది పొలము. వారు ఉప్పును పారలతో గోకి, నీరు కాఱిపోవుటకు చిన్న చిన్న కుప్పలుగ పోసి, ఆఱిన పిదప పొయ్యిలపై వేడిచేసి, పొడికొట్టి, అయొడిను చేర్చి, చేతులతో సంచులకెత్తుదురు. మన నౌపడ, చిన్నగంజాము ఉప్పుమళ్లలో ఎండలో వంగి పనిచేయు స్త్రీలను చూచినవారికి ఈ కుప్పలు పరిచితములే. మోటారుబండ్లు రాకపూర్వము ఉప్పుదిమ్మలను లామాలపై నెక్కించి, పలు దినములు నడచి, పల్లపు లోయలలో మొక్కజొన్నలకు మార్చుకొనెడివారు.

ఇంకాహువాసి దీవిమీద మనిషిని మించిన యెత్తుగల జెముడు చెట్లు వందలకొలది నిలిచియున్నవి. అవి సగటున ఏటికి ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగునందురు. పది మీటర్ల చెట్టు ఎన్ని తరములను చూచినదో లెక్కవేసికొనుడు. అట్టిచోట చేసిన చెఱుపు మన కాలమున మానదు. 1990 ప్రాంతముల ఉప్పు నడుమనే ఉప్పుదిమ్మలతో ఒక విడిది కట్టిరి. మురుగునీటికి దారిలేక నేల పాడగుచుండుటచే 2002లో దానిని విప్పివేసి, పిదప అంచున మరల కట్టవలసి వచ్చినది. గుడారపు యాత్రికులకును ఇదియే నియమము. ఉప్పుమీద ఏదియు త్వరగా క్రుళ్లదు. కాగితపు ముక్క, పండ్ల తొక్క, స్త్రీలకు నెలకొకమాఱు కావలసిన వస్త్రాదులు, సమస్తమును మూతిగట్టు సంచిలో పెట్టి తిరిగి తీసికొనిపోవలెను.

ఇప్పుడు ఈ నేలకు మఱియొక కొలత వచ్చినది. పైపొర క్రిందనున్న ఉప్పునీటిలో లిథియము కలదు. సెల్‌ఫోనులకును, విద్యుత్తుతో నడచు బండ్లకును కావలసిన బ్యాటరీలు దీనితో చేయుదురు. బొలీవియా దేశపు లిథియము వనరు సుమారు 2.3 కోట్ల టన్నులని అమెరికా భూగర్భ సర్వే శాఖ అంచనా. ప్రపంచమున నిదియే మిక్కిలి పెద్దవానిలో నొకటి. 2023 డిసెంబరులో ఈ మైదానపు దక్షిణభాగమున ఒక పెద్ద కర్మాగారమును తెఱచిరి. దేశమునకు ధనము వచ్చునని కొందఱి యాశ; కినోవాకును, లామాలకును, తమకును ఉన్న కొద్ది మంచినీరు తఱిగిపోవునని గ్రామస్థుల భయము. మూడు దినముల యాత్రికుడు సీసా చూచి నీరు త్రాగునట్లు, ఈ నేలను త్రవ్వువారును కొలత మఱవకుండిన మేలు. ఆ బ్యాటరీ మన చేతిలోని ఫోనులోను ఉండును గనుక ఈ మాట మనకును సంబంధించినదే.

బలము మాటకు వత్తము. బొలీవియాలో పర్వతారోహకుల బృందములకు వంటవారుగను, సామాను మోయువారుగను పనిచేసిన ఐమరా స్త్రీలు కొందఱు, ఇతరుల కొఱకు వండి మోసిన కొండలను తామే యెక్కుదమని పూనుకొనిరి. వారిలో కొందఱు 2019 జనవరిలో, తాము నిత్యము కట్టుకొను కుచ్చిళ్ల పావడాలతోనే, అమెరికా ఖండములలో నెల్ల ఉన్నతమైన అకొంకాగువా శిఖరమును, అనగా సుమారు 6,960 మీటర్ల యెత్తును, ఎక్కి వచ్చిరి. వంట చేసిన చేతులకు ఆ కొండమీద ఏది యెంత కావలయునో ముందే తెలిసియుండును.

మన పాఠకులలో బొలీవియా వఱకు పోగలవారు కొలదిమందియే కావచ్చును. కాని పది కిలోమీటర్ల దూరమునకైనను సైకిలుమీద పోయి వత్తునను ఆడుపిల్లలు ప్రతి యూరను కలరు. వారిని "నీ బలమెంత?" అని అడుగుటకు మాఱుగ, నీరు ఎంత తీసికొంటివి, గాలి యెటు వీచుచున్నది, పంక్చరు వేయుట నేర్చితివా, ప్రొద్దు క్రుంకులోపల ఎచట నుందువు, అని అడుగుడు. ఈ ప్రశ్నలకు సరియైన సమాధానములు చెప్పిన పిల్లను నిర్భయముగ పంపవచ్చునని మా నమ్మకము.